భోక్త రాసిన జోకు

మణిశంకర్ చాలా ఇళ్లలో చచ్చిపోయిన మనిషిగా కూర్చున్నాడు. తద్దినం నాడు పితృస్థానంలో భోంచేసే భోక్త అతను. పోయిన తండ్రి ఆ పూటకి భోక్తలోకి వస్తాడని నమ్మకం. అందుకే ఆ ఇంటి కొడుకు అతని కాళ్లు కడుగుతాడు, ఇల్లాలు కొసరి కొసరి వడ్డిస్తుంది. విస్తరి ముందు అతను మాత్రం నోరు విప్పకూడదు. వంట బాగుందనకూడదు, బాగాలేదని అసలే అనకూడదు. డిగ్రీ మధ్యలో మానేసి, రాజమండ్రి పాత పుస్తకాల కొట్లలో దొరికిందల్లా చదివి, అందరికంటే తనకి ఎక్కువ తెలుసనీ అందరికంటే తనకే తక్కువ దక్కిందనీ లోలోపల రగిలిపోయే కుర్రాడికి అంతకు మించిన శిక్ష ఏముంటుంది? నోరు కట్టేసుకున్న ఆ గంటలోనే అతను జోకులు రాయడం నేర్చుకున్నాడు.

మొదట్లో అందరిలాగే బస్సుల మీద, పెళ్లిచూపుల మీద రాశాడు. ఆదివారాలు ఒక కాఫీ హోటలు మేడ మీద కామెడీ షోలు పెట్టే రవితేజ అవి విన్నాడు. రవితేజ వాళ్లకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మొహమాటపడాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

"ఇవి అందరి దగ్గరా ఉన్నాయి గురూ. నీ ఒక్కడి దగ్గరే ఉన్నదేంటో అది చెప్పు."

ఆ మాట గుచ్చుకుంది. మణిశంకర్ భోక్తల గురించి రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో వాక్యం ఫోన్లో రాసి, పైకి చదివి, కొట్టేసి, మళ్లీ రాసేవాడు. నవ్వొచ్చే మాట చివర పడాలి, దాని తరవాత ఒక్క అక్షరం మిగలకూడదు. అదొక్కటే అతను పెట్టుకున్న నియమం.

ఆ ఆదివారం మైకు ముందు ఇలా చెప్పాడు: "బతికున్నన్నాళ్లూ కాకరకాయ ముట్టని హెడ్మాస్టారండి. బంగాళాదుంప వేపుడంటే ప్రాణం. అది తద్దినానికి పనికిరాదంట. ఏడాదికోసారి పైనుంచి పనిగట్టుకుని దిగొస్తే, ఆకులో కాకరకాయ. ఇంక రావద్దని చెప్పడమేమోనండి. వడ్డిస్తా వాళ్లావిడ మెల్లిగా ఏమందో తెలుసాండి? 'ఇన్నాళ్లకి వంక పెట్టకుండా తింటున్నారు.'"

మేడ దద్దరిల్లింది. మర్నాటికి ఆ వీడియో ఊళ్లో చాలా ఫోన్లలో ఉంది. విశాఖపట్నంలో టిక్కెట్టు షో ఉందనీ, పై ఆదివారం ఇరవై నిమిషాలు ఇస్తాననీ, ఆవిడ మాటతోనే ముగించాలనీ రవితేజ చెప్పాడు. అతనికి తెలియనిదల్లా ఒకటే. ఆ మాట మణిశంకర్ రాసింది కాదు. కిందటేడు ఆ హెడ్మాస్టారి భార్య వరహాలక్ష్మిగారు నిజంగానే అంది.

ఆ వారంలోనే బాబాయి భాస్కరం, వరహాలక్ష్మిగారింట్లో తద్దినానికి రమ్మన్నాడు. ఆవిడ మణిశంకర్‌నే పేరు పెట్టి అడిగిందట. పౌరోహిత్యం చేసే భాస్కరం ఫోన్లో వీడియోలు చూసే మనిషి కాదు. కానీ ఆ ఇంటివాళ్లు ఒక్క మాట ఆయన చెవిన వేస్తే చాలు, మణిశంకర్‌ని ఇంకే గడపా పిలవదు. అతను తింటున్నదీ పడుకుంటున్నదీ బాబాయి ఇంట్లోనే.

గుమ్మంలో అతన్ని చూడగానే ఆ ఇంటి కూతురు శృతి చేతిలో ఫోను బోర్లా పెట్టేసింది. చూశారన్నమాట.

కాళ్లు కడగడానికి కొడుకు శశిభూషణ్ వచ్చాడు. బ్యాంకులో ఆఫీసరు. మాడిన గిన్నె తోమినట్టు మణిశంకర్ మడమలు తోమాడు, తల ఎత్తలేదు. మణిశంకర్ విస్తరి ముందు కూర్చున్నాక శశిభూషణ్ కోపం తల్లి మీదికి మళ్లింది. గారెలు గట్టిగా ఉన్నాయన్నాడు, నువ్వులు మాడాయన్నాడు, నెయ్యి ముందే వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాలన్నాడు. ఆవిడ తలొంచుకుని కాకరకాయ కూర వడ్డించింది. చాలని మణిశంకర్ చెయ్యి అడ్డం పెట్టినా ఇంకొంచెం వేసింది. తృప్తి అయిందా అని మంత్రం ప్రకారం అడిగితే, అయిందన్నాడు. అవలేదనే అవకాశం భోక్తకి లేదు.

వరండాలో భాస్కరం సంచి సర్దుకుంటుండగా శశిభూషణ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వీడియో చూశానండి. ఆ మాట మా అమ్మ అందా, మీరు కల్పించారా?"

భాస్కరం చేతులు ఆగిపోయాయి. అందని మణిశంకర్ చెబితే ఆవిడ రోజూ ఈ కొడుకుతో బతకాలి. కల్పించానంటే, ఎవరి పేరున తిన్నాడో ఆయన్నే నవ్వులపాలు చేసిన అబద్ధాలకోరు తను. వంటింటి గుమ్మంలో వరహాలక్ష్మిగారు తడిచేతులతో నిలబడి ఉంది.

"కల్పించానండి," అన్నాడు మణిశంకర్. "నవ్వుతారని."

"మా నాన్నగారి అన్నం తిని..."

"ఆ అబ్బాయి కల్పించలేదు," అంది వరహాలక్ష్మిగారు. "నేనే అన్నాను. ఇంకో ముక్క కూడా అన్నాను. అది చెప్పలేదేం బాబూ?"

మణిశంకర్‌కి గుర్తుంది. వీడియోలో లేకపోవడానికి కారణం భయమూ కాదు, మర్యాదా కాదు. ఆ ముక్క దగ్గర నవ్వు చచ్చిపోతుంది. అందుకని కొట్టేశాడు.

"చెప్పండి, పరవాలేదు," అంది ఆవిడ.

"మిగతా రోజులు వీడు పెడుతున్నాడుగా వంకలు, అన్నారండి."

శశిభూషణ్ తల్లి వైపు తిరిగాడు. "ఏంటమ్మా, నలుగురి ముందు ఏం మాట్లాడాలో కూడా నీకు..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంది. "చెప్పుకుంటే మొత్తం చెప్పుకోండి బాబూ. సగం చెబితే ఆయన ఒక్కరే చెడ్డవారవుతున్నారు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటి ముందు స్కూటరు దిగాక భాస్కరం, ఇకమీదట భోక్తలుగా వేరేవాళ్లని చూసుకుంటానన్నాడు. పడుకోడానికి చోటు సంగతి ఆయన ఎత్తలేదు, మణిశంకర్ అడగలేదు.

ఆదివారం విశాఖపట్నంలో హాలు నిండింది. వంక పెట్టకుండా తింటున్నారనగానే జనం విరగబడి నవ్వారు. దిగిపొమ్మని పక్కనుంచి రవితేజ సైగ చేశాడు. నవ్వు పూర్తిగా ఆగేదాకా నిలబడి, మణిశంకర్ రెండో ముక్క చెప్పాడు.

హాలు చల్లబడిపోయింది. ముందు వరసలో ఒకాయన భార్య వైపు చూడకుండా ఫోను తీశాడు. ఆ నిశ్శబ్దాన్ని పోగొట్టడానికి మణిశంకర్ దగ్గర ఇంకో జోకు లేదు. అతను వెతుక్కోనూ లేదు. మైకు స్టాండుకి తగిలించి దిగిపోయాడు.