నరం కాని గీత

నాన్న ఇక బొగ్గుగనిలోకి దిగలేడని డాక్టర్లు తేల్చాక, ఆయన బదులు ఉద్యోగం నాకొచ్చింది. నర్సింగ్ చదివాను కాబట్టి గోదావరిఖనిలోనే కంపెనీ దవాఖానలో వేశారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. నీకిష్టమేనా అని నన్నడిగిన పాపాన ఎవరూ పోలేదు. మానేస్తానంటే అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే లోలోపల ఒకటే కోరుకునేదాన్ని. నాకు చేతకాదని దవాఖానవాళ్ళే పంపేస్తే బాగుండు.

పని నేర్పమని నన్నొక సీనియర్ నర్సుకు అప్పగించారు. వార్డులో అందరూ ఆమెను అక్కా అనేవారు. నేను సూది పట్టుకుంటే చాలు, చేతులు కట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడేది. తను సూది తీసుకోదు, నన్ను బయటికి పోనివ్వదు. ఆమెను చూస్తేనే ఒళ్ళు మండేది.

ఒక ఎండాకాలం, గనిలో మొదటి షిఫ్టు నుంచి నాన్న వయసు కార్మికుణ్ణి, ఒక కాకను, తీసుకొచ్చారు. వాంతులతో సోలిపోయి ఉన్నాడు. వెంటనే సెలైన్ ఎక్కించాలి. మోచేతి కింద నీలంగా నరం కనిపించింది. పొడిచాను. రక్తం రాలేదు. పక్కనే ఇంకొకటి. అదీ అంతే.

"అది నరం కాదు బిడ్డా," అన్నాడు కాక కళ్ళు తెరవకుండానే. "బొగ్గు. దెబ్బ తాకినప్పుడు లోపల్నే ఉండిపోయింది."

సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న చేతుల నిండా అవే నీలం గీతలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

"అక్కా, జర మీరే పెట్టుండ్రి," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

రెండుసార్లు తప్పితే మూడోసారి పొడవనివ్వదు కాబట్టి ఆరోజు అక్కే సూది తీసుకుంది. వేలితో తడిమి, ఒక్కసారికే పెట్టేసింది.

"ఇక్కడోళ్ళ చేతులు కండ్లతోని చూస్తే దొరకవు," అంది బయటికొచ్చాక. "మీ నాయిన చెయ్యి పట్టుకొని, కండ్లు మూస్కొని ఎతుకు. నరమైతే ఒత్తి ఇడిస్తే మళ్ళ లేస్తది. గీత లేవది. వారం టైమిస్తున్న."

వారమంతా నాన్న చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "ఏమన్న దొరికిందా బిడ్డా?" అని నవ్వేవాడు. ఆ చేయి అంత గరుకని నాకప్పుడే తెలిసింది. అంతకుముందు ఎప్పుడు పట్టుకున్నానో గుర్తు రాలేదు.

వారం గడిచాక వచ్చిన కార్మికుడికీ అవే గీతలు. అక్క తలుపు దగ్గరే ఉంది. కళ్ళు మూసుకుని తడిమాను. వేలి కింద మెత్తగా ఏదో లేచింది. కళ్ళు తెరిచి అక్కడే పొడిచాను. ఎర్రగా రక్తం కనిపించింది.

వెనక్కి తిరిగితే అక్క లేదు. పక్క వార్డుకు వెళ్ళిపోయింది. నేను ఎగిరి గంతేయాలి. కానీ గుండె జారిపోయింది. నాకు పని వచ్చేసింది. చేతకాదని నన్నిక్కడి నుంచి పంపేవాళ్ళు ఇక ఎవరూ లేరు.