స్విచ్చి వెయ్యని గీజరు

మొన్న బజారులో ఒక కొట్టు ముందు గీజర్ల మీద తగ్గింపు అని బోర్డు కనబడి, మండుటెండలో ఇవెవరు కొంటారయ్యా అని అడిగితే, అందుకేగా తగ్గించి ఇచ్చేదని కొట్టతను నవ్వాడు. జూలైలో పట్టుబట్టి గీజరు పెట్టించుకున్నదాన్ని నేనేనని చెప్పబోయి, ఆ ఎండలో అంత కథ ఎవరు వింటారులే అని ఊరుకున్నాను. మన ఈడువాళ్ళయితే వింటారు కదా, మీకు చెబుతాను.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, రిఫాలో మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట మావారు డ్రైవరు, నేను వంటకూ ఇంటిపనికీ. కోనసీమలో కాలవ నీళ్ళలో ఈదిన మనుషులం, వాళ్ళ పెద్దింటి వెనక ఒక గదిలో, దాన్నానుకుని వంటిల్లని మేము పిలుచుకునే సందులో సర్దుకున్నాం. అందరికీ దొరకని భాగ్యం ఏమిటంటే, మా మూడేళ్ళ పాపను దగ్గర ఉంచుకోనిచ్చారు.

అక్కడి వేసవి సంగతి ఏం చెప్పను! మేడ మీద ట్యాంకు పగలంతా కాగి, కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనేది. పాప ఒళ్ళంతా చెమటకాయలు, చన్నీళ్ళు పొయ్యమని డాక్టరు. బకెట్లతో పట్టి గదిలో చల్లారబెడితే పిల్ల వాటిని బోర్లించేది, ఒకసారి ఆ తడిలో జారి నుదురు చిట్లింది. ఇక చాలు, పిల్లను ఇండియా పంపేద్దామని మావారు టిక్కెట్టు మాట ఎత్తారు. నాకు గుండెల్లో రాయి పడింది.

పెద్దింట్లో నేను రోజూ చూసేదొకటి ఉంది. వేసవి రాగానే వాళ్ళు గీజరు స్విచ్చి కట్టేసేవారు. అది ఇంటి లోపల నీడపట్టున ఉంటుంది కనుక, అందులో నిలిచిన నీళ్ళు చల్లబడి, వేడినీళ్ళ కుళాయిలోనే చన్నీళ్ళు వచ్చేవి. మాకూ ఒకటి కావాలన్నాను. "ఎండాకాలంలో గీజరేంటే, మతుండే మాట్లాడుతున్నావా?" అని మావారు కసిరారు గానీ, పెద్దింటి మేడమ్ మాత్రం పాపను చూసి, యల్లా, కానివ్వండి అంటూ మర్నాడే చిన్నదొకటి కొత్తది పంపించింది.

బిగించడానికి వచ్చినాయన జగిత్యాల వైపు మనిషి. కుళాయి ఉన్న మా వంటింట్లో అడుగుపెట్టి అటూ ఇటూ తిరగబోయి తిరగలేక, "గీ వంటింట్ల నేనే పడ్తలేను, ఇదేడ పడ్తదక్కా?" అన్నాడు. గిన్నెలు కడిగే తొట్టి మీది అలమర ఊడదీశాం, ఆవకాయ జాడీలు మంచం కిందకు పోయాయి. తీరా గీజరు గోడకెక్కాక తలుపు దానికి తగిలి సగమే తెరుచుకుంది. ఇంకేముంది, తలుపే పీకేసి నా పాతచీర ఒకటి కట్టాం. అప్పట్నుంచి పోపు పెడితే గదిలో పడుకున్నవాళ్ళకు కూడా తుమ్ములే.

మర్నాడు సాయంత్రం పాపకు పొయ్యబోయే ముందు నా చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఏడ్చేశాను. పొదుపుగా వాడుకోవాలి, కాస్త ఎక్కువ తిప్పితే వెనకాలే పైనుంచి వేడినీళ్ళు దిగేవి. అయినా పాపకు ఆ వేసవి గడిచింది, మావారు మళ్ళీ టిక్కెట్టు మాట ఎత్తలేదు.

ఇంకో రెండేళ్ళు మా దగ్గరే ఉంది. ఆ తర్వాత బడికని మా అక్క దగ్గరికి పంపక తప్పలేదు, మేము అక్కడే ఉండిపోయాం. ఇప్పుడు ట్యాంకు నీళ్ళు చల్లబరిచే మిషన్లే వచ్చాయట, వదిలి వెళ్ళిన పిల్లలు రోజూ ఫోనులో కనిపిస్తారు. అప్పట్లో మాకు నెలకొక ఉత్తరం వస్తే గొప్ప. మా అమ్మాయికి ఆ సందూ, ఆ నీళ్ళూ ఏవీ గుర్తులేవు. ఎవరడిగినా తనను పెద్దమ్మే పెంచిందని చెబుతుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ కాసిని రోజులు మాత్రం నా బిడ్డకు నేనే నీళ్ళు పోసుకున్నాను.