గుంజ మీద ఎర్ర లంగా

మా మేనత్త కోప్పడితే వాగు వెనక్కి పారేది. నమ్మకపోతే మీ ఖర్మ, నేను కళ్లారా చూశాను. బడి ఎగ్గొట్టిన నాకు ఆ వాగు గట్టే కాలేజీ, అత్తే ప్రిన్సిపాలు.

వాగుకి ఇటు నేతపని వాళ్లం, అటు ఇటుకబట్టీల వాళ్లు. వంతెన లేదు, నీళ్లలో దిగి దాటాల్సిందే. పైనెక్కడో వాన పడితే ఇక్కడ మండే ఎండలోనే నీళ్లు ముంచుకొస్తాయి. అందుకే రేవులో ఒక గుంజ పాతారు. నీళ్లు పెరిగేలా ఉంటే అత్త దానికి ఎర్రగుడ్డ కడుతుంది. అది ఉన్నంతసేపు ఎంత మొనగాడైనా కాలు తడపడు. మామ పోయాక ఆ పని ఆమెకొచ్చింది. జీతం సున్నా, పెత్తనం బోలెడు.

ఆ రోజు అత్త కూతురికి, అంటే మా వదినకి, తెల్లారేసరికే నొప్పులొచ్చాయి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ముందే తెలుసు. కాన్పులు చేసే అవతలి గట్టు నర్సమ్మ "బయల్దేరా" అని ఫోను చేసింది. ఎంతకీ రాదే! అత్త కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"ఒరే గాలిగా, నీ కోతలాపి రేవు దాకా పద!"

"నువ్వొస్తే నీళ్లే పక్కకి తప్పుకుంటాయి, రా అత్తా."

వాగులో నీళ్లు పిక్కల్లోతు కూడా లేవు. గుంజ మీద మాత్రం ఎర్రగా రెపరెపలాడుతోంది.

"ఏ సచ్చినోడు కట్టాడ్రా..." అంటూ ఆగిపోయింది. అది వదిన లంగా. పొద్దున ఉమ్మనీరు పోయి తడిస్తే, ఆ కంగారులో రేవులో ఉతికి, చేతికందిన గుంజ మీద ఆరేసింది అత్తే!

నర్సమ్మ అవతల చాలా దూరంలో వెనక్కి పోతోంది.  అత్త లంగా పీకి, రమ్మన్నట్టు గాల్లో ఊపింది. నర్సమ్మ తిరిగి చూసింది. ఎర్రగుడ్డ ఊగుతుంటే ప్రళయమే అనుకుందేమో, బట్టీల వైపే పరుగందుకుంది!

నా కేకకి గద్దలు రాలిపడతాయి. ఆ పూట దాన్ని ఎదురుగాలి మింగేసింది.

అత్త వాగులో పడి పరుగెత్తింది. బట్టీల దగ్గర నర్సమ్మ చెయ్యి దొరకబుచ్చుకుంది. లాక్కొచ్చింది.

బిడ్డ దక్కింది. ఆలస్యంగా ఏడ్చింది.  మనవరాలిని నర్సమ్మ అందిస్తే అత్త చేతులు వెనక్కి దాచుకుంది.

"నా చేతుల్లో పెట్టకమ్మా. ఇవేం చేశాయో చూశావుగా."

"పట్టుకో పిన్నీ, నేను చేతులు కడుక్కోవాలి."

పట్టుకుంది.  అత్తని కూర్చోబెట్టడానికి నేనూ నర్సమ్మా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.