చిన్నమ్మ తిన్న ఉగాది పచ్చడి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇంటర్మీడియట్ బైపీసీ మొదటి ఏడు పరీక్షలు రాసి, హాస్టల్ నుంచి పెట్టె మోసుకుని ఊరికొచ్చిన పిల్లకు ఇంక లోకంలో నేర్చుకోవలసింది ఏం మిగులుతుంది? ఇప్పుడు తలుచుకుంటే ఆ ధైర్యం మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది (ఈ వయసులో ఏ సంగతైనా ఖాయంగా చెప్పాలంటే ముందు ఫోన్‌లో వెతుక్కుంటున్నాను). ఆ సెలవుల్లో మా చిన్నమ్మ తెల్లవారుజామునే నన్ను లేపి, బుట్టలతో పాటు ఆటో ఎక్కించి గిద్దలూరు మార్కెట్టుకు తీసుకుపోయేది. మాది కంభం చెరువు కింద పల్లె. చిన్నమ్మ మడిలో పండినవన్నీ ఆమే అమ్ముకునేది.

ఎండలు ముదరకముందు, చెట్లన్నీ చిగురు వేసే ఆ రోజుల్లో చిన్నమ్మ గోనెపట్టా పరిస్తే చూడాలి. లేత సొరకాయలు, మునగకాడలు, తొడిమ దగ్గర ఇంకా జిగురు కారుతున్న మామిడికాయలు, తడిగుడ్డ కింద మల్లెమొగ్గలు. పక్కన పాలకవర్లలో మల్లె అంట్లు, కట్టలు కట్టిన వంగనారు. మిగతావాళ్లు గొంతు చించుకుని అరుస్తుంటే ఆమె నోరు మెదిపేది కాదు. వచ్చిన వాళ్లతో మాత్రం ఇంటి సంగతులన్నీ మాట్లాడేది. ఇద్దరే ఉన్న ఇంటికి పెద్ద సొరకాయ అమ్మేది కాదు. "రేపటికి వడలిపోతాది, ఎల్లుండి నన్ను తిట్టుకుంటావు, చిన్నది తీసుకో నాయనా" అనేది. అంత వ్యాపారం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఉగాదికి ఇంకో ఎత్తు వేసింది. మేము చర్చికి పోయేవాళ్లం, మా ఇంట్లో ఉగాది లేదు. కానీ మా చర్చి ముందర ఉన్న వేపచెట్టు విరగబూసి ఉంది. చిన్నమ్మ పాస్టరయ్యను అడిగితే ఆయన, "చెట్టు దేవునిదే గదమ్మా, పువ్వు ఎవరు తింటే ఏంది" అన్నాడు. చెట్టు కింద పాత చీర పరిచి పువ్వు రాల్చి, రెండు మామిడికాయలు, ఇంత కొత్త చింతపండు, వేపపువ్వు కలిపి ఆకు పొట్లాలు కట్టింది. మార్కెట్లో అంతవరకు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. నాలుగు చోట్ల తిరిగి కొనుక్కునే జనం నేరుగా మా పట్టా దగ్గరికే వచ్చారు.

మా పెద్ద బేరం కిరాణా పెద్దమ్మది. బజారులో వాళ్లకు పెద్ద కిరాణా దుకాణం, ఇంటినిండా మనుషులు. ఆమె రోజూ మా దగ్గరే కొనేది. ఆమె ఇంకో పట్టాకు పోయిందంటే మా బుట్టలో సగం సరుకు మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. పండగ ముందురోజు ఆమె రాలేదు, కొత్త కోడలిని పంపింది. చిన్నమ్మ టీ తాగడానికి లేచిపోయింది, పట్టా మీద నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ పిల్ల పొట్లం తీసుకుని, ఒక మల్లె అంటు కూడా తీసుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పచ్చడి నన్నే చెయ్యమంటుంది మా అత్తమ్మ. వచ్చని చెప్పేసినా. అన్నీ ఎంతెంత వెయ్యాలో నీకు తెలుసా?"

ఆ పండగ మేము చేసుకోము, నాకు తెలియదు అని చెబితే సరిపోయేది. కానీ బైపీసీ ఊరుకుంటుందా? "ఆరు రుచులు గదక్కా, ఆరూ సమానంగా ఉండాల. ఒక్కోటి ఒక్కో గుప్పెడు" అన్నాను.

"ఉప్పు కూడా గుప్పెడేనా?"

"మామూలు పచ్చడి వేరు, ఇది వేరు" అన్నాను. (ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మా జువాలజీ లెక్చరర్‌ది అయ్యుండాలి.) ఆ పిల్ల నాకు దండం పెట్టినంత పనిచేసి వెళ్లిపోయింది.

పండగ మరునాడు కిరాణా పెద్దమ్మ వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, వెనకాల తల వంచుకున్న కోడలు. ఆ నడక చూడగానే నాకు విషయం అర్థమై సొరకాయలు సర్దే పనిలో పడిపోయాను. పెద్దమ్మ గిన్నె పట్టా మీద పెట్టి, "పోయినేడు దాకా నేనే చేసినా. ఈ ఏడు కోడలికి అప్పజెప్పితే మా మామ ఒక్క చెంచా నోట్లో పెట్టుకొని దొడ్లోకి ఉరికినాడు. నీకు ఇయ్యాలని దేవుని ముందర పెట్టకముందే ఈ గిన్నె తీసి పెట్టినాలే, నీకు పట్టింపు ఏమీ ఉండదు. తిని చెప్పు, ఇట్ల యాడైనా చేస్తారా?" అంది. అంత కోపంలోనూ ఆ గిన్నె విడిగా తీసిన సంగతి చెప్పింది చూడండి, అందుకే ఆమె అంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కోడలు నా వైపు ఒక్కసారి చూసి చూపు దించేసింది. నా పేరు మాత్రం చెప్పలేదు. కళ్లనిండా నీళ్లు. కొత్తగా వచ్చిన ఇంట్లో ఆ పిల్లకు మొదటి పండగ, వరుసలో అందరూ మెడలు చాచి చూస్తున్నారు. చిన్నమ్మ నన్ను చూసింది, ఆ పిల్లను చూసింది, గిన్నె తీసుకుంది. వేలితో ఇంత తీసి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే పళ్లెం తోసేసే మనిషి, ఇంకోసారి తీసుకుంది, మళ్లీ తీసుకుంది. గిన్నె ఖాళీ అయింది.

"బాగుందక్కా" అంది.

"బాగుందా?"

"నేనెప్పుడన్నా తిన్నానా పెట్టినానా? ఇట్లనే ఉంటాదనుకున్నా. ఇంత చేదు తిని కూడా ఏడాదంతా నవ్వుతా ఉంటారే, మీరు గొప్పోళ్లక్కా."

పెద్దమ్మ కోపం నిలబెట్టుకోవడానికి చాలా కష్టపడింది. చివరికి నవ్వాపుకోలేక అక్కడే గోనె మీద కూర్చుండిపోయింది. కోడలూ నవ్వింది. ఆ ధైర్యంతో నేను సొరకాయల వెనక నుంచి లేచి, "నేనే చెప్పినా పెద్దమ్మా" అన్నాను. ఆమె నన్ను తేరిపార చూసి, "నువ్వు డాక్టరు చదువు చదువుతావంటనే. రేపు మందులు కూడా గుప్పెళ్లతోనే ఇస్తావా?" అంది. (నేను డాక్టరు కాలేదు. గిద్దలూరు జనం అదృష్టం.) వెళ్లేటప్పుడు ఆమె ఎప్పటిలాగే బుట్ట నింపుకుని పోయింది.

మరుసటి ఏడు ఆ కోడలే స్వయంగా చక్కటి పచ్చడి చేసి తెచ్చింది. బెల్లం, కొత్త చింతపండు, నలిపిన వేపరెక్కలు నాలుగు. చిన్నమ్మ రుచి చూసి, "ఇది పానకం మాదిరి ఉందమ్మా. పోయినేటిదే బాగుండె" అంది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అప్పటినుంచి ఏటా చిన్నమ్మ కోసం విడిగా ఒక గిన్నె, గుప్పెడు వేపపువ్వుతో. పెద్దమ్మ పోయినా, కోడలు ఇంటి పెద్దదైనా ఆ గిన్నె తప్పలేదు.

ఈ ఏడు ఉగాదికి నేను ఊళ్లోనే ఉన్నాను. మోకాళ్ల నొప్పులతో చిన్నమ్మ మార్కెట్టు మానేసింది, గిన్నె ఇంటికే వచ్చింది. తెచ్చిన మనిషి పోయాక అడిగాను, "నిజంగా నీకు ఇది అంత ఇష్టమా చిన్నమ్మా?"

"ఇష్టమేందే, విషం మాదిరి ఉంటాది" అంది మెల్లగా. "ఆ పొద్దు బాగలేదంటే ఆ పిల్ల బతుకేంగాను? సొరకాయల ఎనక నీ మొగం పాలిపోయింది. బాగుందన్నా. ఒకసారి అన్నాక రెండో ఏడు మాట మారిస్తే ముందుది అబద్ధమని తెలిసిపోదా? అప్పట్నించి తింటానే ఉండా."

అంతా తెలిసిన ఆ బైపీసీ పిల్ల అప్పుడు నా ఎదుట ఉంటే నవ్వేదాన్నో, దగ్గరికి తీసుకునేదాన్నో తెలియదు. చిన్నమ్మ వేలు గిన్నెలో పెట్టబోతుంటే గిన్నె ఇవతలికి లాక్కున్నాను. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి, అది పచ్చడి వల్లే అనుకోండి. మొత్తం తినేసి, గిన్నె కడిగి, మరునాడు పొద్దున్నే ఆ కోడలి ఇంటికి నేనే తీసుకుపోయి ఇచ్చి, చాలా బాగుందని చెప్పి వచ్చాను.