నా నిద్రను నాటకమన్నారు

బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. సమ్మెల గురించి రాయమని అందరూ అంటారు. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాసుకోనీ. నేను రాయవలసింది నా నిద్ర గురించి.

నాకు నిద్రలో లేచి నడిచే జబ్బు ఉంది. కళ్లు తెరిచే ఉంటాయట, చూపు మాత్రం ఉండదట. "జరుగు, జరుగు" అని అరుస్తూ పక్కనున్న మనిషిని రెక్క పట్టి గుంజుతానట. ఇదంతా నా భార్య చెప్పిందే. తెల్లారేసరికి నాకేమీ గుర్తుండదు. బావిలో నా పక్కన పనిచేసే మనిషి మీద పైకప్పు కూలిన తర్వాత ఈ జబ్బు మొదలైంది.

మొదట్లో కాలనీ వాళ్లు నవ్వుకున్నారు. ఎండాకాలం ఆరుబయట పడుకున్న పొరుగాయనను మంచం మీద నుంచి ఈడ్చానట. ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు. తర్వాత ఒక రాత్రి నా భార్యను ఈడ్చి కింద పడేశాను. ఆమె మణికట్టు విరిగింది. పొద్దున ఆ చెయ్యి చూశాను. ఇంకోసారి మెడ విరిగితే? నాకు మందు కావాలి. కావలసింది అదొక్కటే.

అదే ఎవరికీ పట్టలేదు. పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ కార్మికుడి ఉద్యోగం కొడుక్కి వచ్చే రోజులవి. మా దగ్గర దాన్ని అన్‌ఫిట్ అంటారు. అందుకని యాభై దాటినవాడు దగ్గినా, కుంటినా జనం ముందు వాడి కొడుకు వయసు చూస్తారు. నా కొడుకు ఇంటర్ తప్పి ఇంట్లోనే ఉన్నాడు. ఇంకేముంది, నా జబ్బుకు మెచ్చుకోళ్లు మొదలయ్యాయి. ఛాయ్ హోటల్లో తోటివాళ్లు జరిగి నాకు జాగా ఇచ్చేవాళ్లు.

"మస్తు ఉపాయం పట్టినవే అన్నా. మేము ఇంక నడుం నొప్పి కాడనే ఉన్నం" అన్నాడొకడు.

పెండ్లాం చెయ్యి విరగ్గొట్టేదాకా పోయాడంటే గట్టివాడే అని ఇంకొకడు పొగిడాడు. గ్లాసు వాడి మొహాన కొట్టాల్సింది. బామ్మర్ది ఇంటికొచ్చి మరీ సలహా ఇచ్చాడు: "ఉత్తగ ఒర్లితే ఏం సాలుతది బావా, గోడకు తల గుద్దుకోరాదు?"

దవాఖానకు పోయి నిద్ర సంగతి చెప్పాను. డాక్టరు తల ఎత్తకుండానే కొడుకు ఏం చదివాడని అడిగాడు. మందు రాయలేదు, అన్‌ఫిట్ సంగతి తేల్చే మెడికల్ బోర్డుకు రాశాడు. బోర్డులో కళ్లు చూశారు, ఛాతీ చూశారు, మోకాళ్లు వంచి చూశారు. నేను నిద్ర గురించి మొదలుపెట్టగానే ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకున్నారు. ఫిట్ అని పంపించారు.

ఇంట్లో పీనుగ లేచినట్టే అయింది. బామ్మర్ది నన్ను చేతగానివాణ్ణి చేసి తిట్టిపోయాడు. కొడుకు అన్నం ముట్టలేదు. చేతికి కట్టుతో ఉన్న నా భార్య ఒక్కతే అడిగింది, "మందేమన్న ఇచ్చిండ్రా?" అని. ఇవ్వలేదన్నాను.

ఆ రాత్రి ఆమెను లోపలి గదిలో గొళ్లెం పెట్టుకొని పడుకోమన్నాను. నేను ముందు గదిలో కొడుకు పక్కన పడుకున్నాను. పొద్దున లేచేసరికి వాడు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అంగీ భుజం దగ్గర చినిగింది. మెడ మీద నా గోళ్ల గీతలు. మెల్లగా అడిగాడు.

"బాపూ, అయితే గిది నిజమేనా?"

ఆ మాట మీది కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. డాక్టరుకు నేనెవరో తెలియదు. ఛాయ్ హోటల్ వాళ్లకు నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. వీడు ఏళ్ల తరబడి గోడ అవతలి నుంచి నా అరుపులు విన్నవాడు. తల్లి చేతికి కట్టు కట్టించుకొచ్చినవాడు. ఉద్యోగం రాదని తేలిపోయాక కూడా నేను నిద్రలో లేచి వాణ్ణి గుంజితే తప్ప వాడికి నమ్మకం కలగలేదు.

"మీ అవ్వ చెయ్యినడుగు" అన్నాను.

ఆ రోజు నాకు ఫస్టు షిఫ్టు. ఫిట్ కదా, డ్యూటీకి పోయాను.