ప్రూఫ్ పక్కన చెయ్యి

కరోనాకు ముందటి ఏడాది, శ్రావణ మాసం పెళ్లిళ్లకు నెల ముందు, ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు తన క్యాటలాగు పని నాకు అప్పజెప్పారు. అప్పటికి అనంతపురంలో నా స్టూడియోకు ముప్పై ఏళ్లు. నాకు పేరు తెచ్చింది కెమెరా కాదు, టచింగ్. అంటే ఫొటో తీశాక ముఖం మీది మచ్చలు తుడిచి, రంగు తేల్చే పని. పెళ్లికూతురు నలుపైతే చాలు, నా దగ్గరికే పంపేవారు. దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఈసారి మోడల్ బెంగళూరు అమ్మాయి కాదు. చీర నేసిన మనిషే కట్టుకుంటే జనం నమ్ముతారని షావుకారు ఆలోచన. అలా నాగవేణి వచ్చింది. ముప్పై లోపు వయసు, నిగనిగలాడే నలుపు. ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని అడిగితే మొహమాటం లేకుండా చెప్పింది.

"పదేండ్లుగా నేస్తాండానన్నా. చీర మీద షావుకారు పేరుంటాది. నేసింది నేనని ఒక్కసారన్నా జనానికి తెలియల్ల."

మొదటి గంట నేను చేసినవన్నీ తప్పులే. ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురు, ముక్కు మెరిసి మిగతా ముఖం బొగ్గయింది. కెమెరా చెప్పిన లెక్కను నమ్మితే బూడిద రంగుకు తిరిగింది. నల్లటి ముఖాన్ని కెమెరా చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది; ఆ లెక్కను మనమే తగ్గించుకోవాలి. ఫ్లాష్ ఆపేశాను. మగ్గం పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రెండో వైపు తెల్లటి థర్మాకోల్ అట్ట నిలబెట్టాను.

అప్పుడు చూశాను. జరీ మీద పడిన వెలుతురు తిరిగి ఆమె చెంప మీద వాలింది. ఆ నలుపులో ఎరుపుంది, నీలముంది, కణతల దగ్గర రాగి ఛాయ ఉంది. ముప్పై ఏళ్లలో ఒక్క ముఖం మీద అన్ని రంగులు నేను చూడలేదు. బటన్ నొక్కడం మరిచి నిలబడిపోయాను. చివరికి ఆమే "అయిపోయిందా అన్నా?" అని అడిగింది.

ఇంత చూసి, స్టూడియోకు వెళ్లి ఏం చేశాను? షావుకారు ఫోన్ చేసి "మొగం రోంత తెల్లగా చెయ్యప్పా" అనగానే చేసేశాను. చీరను మాత్రం ముట్టలేదు. రంగు తేడా వస్తే కొన్నవాళ్లు ఊరుకోరు కదా!

ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రింటు, పట్టుకుని ధర్మవరం వెళ్లాను. షావుకారు ఎదుటే నాగవేణి కొంగుముడిలోంచి మిగిలిన పట్టుపోగు తీసి, ప్రింటులోని చీర మీద పెట్టింది. నేతగాళ్లు రంగు సరిచూసే పద్ధతి అది. సరిపోయింది. తర్వాత తన చెయ్యి ఆ ముఖం పక్కన పెట్టింది.

"చీర నాదే. మొగం ఎవురిదన్నా?"

ఆ ముఖం నేను చేసిందే. షావుకారు నవ్వేసి, అట్లుంటేనే చీరలు అమ్ముడుపోతాయమ్మా అన్నారు. ఆమె పోగును ఆయన ముందుకు జరిపింది.

"నేను వేరే రంగు పోగేసి నేసింటే మీరు ఒప్పుకుంటాంటిరా?"

నేను ఆ ప్రింటును అక్కడే చించేశాను. తీసింది తీసినట్టే ఇస్తాను, వద్దంటే పని వేరేవాళ్లకు ఇచ్చుకోండి అన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. క్యాటలాగు అట్ట మీద ఆ ఫొటోనే వేశారు, కింద ఆమె పేరుతో.

స్టూడియో మూసేదాకా టచింగ్ మానలేదు. మొటిమ వారంలో పోతుంది, దాన్ని తుడవచ్చు. మనిషితో ఉండిపోయేదాన్ని ముట్టకూడదు. ప్రూఫ్ పక్కన ఆ మనిషి చెయ్యి పెట్టి చూడకుండా, ఆ తర్వాత ఏ ముఖాన్నీ అచ్చుకు పంపలేదు.