వచ్చే శనివారం తేదీతో వచ్చిన జాబ్‌కార్డు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఉండేది పలాసలో, టెక్కలిలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాని. పద్దెనిమిదేళ్ళుగా కాగితాలతోనే నా కాపురం. నంబరు, తేదీ, సంతకం ఉంటే నమ్ముతాను, లేకపోతే వెనక్కి పంపిస్తాను. తేదీ వెయ్యలేదని ఒకసారి ప్రిన్సిపాల్ గారి సెలవు చీటీ కూడా వెనక్కి పంపాను. అలాంటి నన్ను భయపెట్టింది కూడా ఒక కాగితమే.

మా తమ్ముడు థాయ్‌లాండ్‌లో, సముద్రం ఒడ్డునున్న ఒక ఊళ్ళో, చేపల కోల్డ్‌స్టోరేజీలో మెకానిక్. అక్కడ ఒక డీలరు దగ్గర తెల్ల సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. కొన్న వారానికే ముందు ఎడమ చక్రం దగ్గర గరగరమని చప్పుడు మొదలైంది. మూడుసార్లు వాళ్ళ సర్వీసు సెంటరుకే ఇచ్చాడు. మూడుసార్లూ నవ్వుతూ తీసుకుని, శుభ్రంగా కడిగి, ఏమీ లేదు సార్, మామూలే అని తిరిగిచ్చారట. చప్పుడు మాత్రం పోలేదు. భాష సరిగా రాదు. గొంతు పెంచితే అక్కడ మనిషినే చులకనగా చూస్తారట. మావాడు నోరు మూసుకుని ఆ కారే నడిపాడు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. గ్యాసు, బ్యాంకు, పిల్లల బడి, ఎవరు ఏ ఫారం నింపినా ఫోన్ నంబరు దగ్గర నాదే రాస్తారు. అక్క ఆఫీసు మనిషి, అన్నీ చూసుకుంటుందని ధీమా. తమ్ముడు దేశం కాని దేశంలోనూ అదే పని చేశాడు. దాంతో ఆ కారు సర్వీసు కబుర్లన్నీ పలాసలో ఉన్న నాకొచ్చేవి. ఆ లిపి నాకు ఒక్క ముక్క తెలియదు. ఫోన్‌లోనే తెలుగు చేయించుకుని చదివి వాడికి చెప్పేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూ పలాస పక్కనే కాశీబుగ్గలో బస్సు దిగుతుంటే ఒక ఫోటో వచ్చింది. సర్వీసు సెంటరు జాబ్‌కార్డు, అంటే రిపేరుకొచ్చిన బండి వివరాలు రాసే కాగితం. కారు నంబరు మాదే. బండిని వేరే బండి లాక్కొచ్చింది అని రాసి ఉంది. ముందు ఎడమవైపు నుజ్జయిందట. కారులో దొరికిన వస్తువులు: చెప్పు ఒకటి, పాలసీసా ఒకటి. కస్టమర్ సంతకం గడి ఖాళీగా ఉంది.

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

"కారా? నా గది ముందే ఉందక్కా. నేను సూత్తన్నాను కదా. ఎవుడిదో నీకొచ్చుంటాది," అన్నాడు.

సర్దుకున్నాను. కార్డు మీద తేదీ వారం తర్వాతిదిగా ఉంది, చూశాను. కానీ అక్కడి సంవత్సరం బుద్ధుడి లెక్క, మనకన్నా అయిదు వందల చిల్లర ఎక్కువ. తారీకు లెక్క కూడా వేరేమో అనుకుని వదిలేశాను. ఇన్నేళ్ళ గుమస్తాగిరీలో అంత పెద్ద తప్పు ఎప్పుడూ చెయ్యలేదు. సాయంత్రం ఎందుకో మనసొప్పక వాణ్ణే అడిగాను.

"నెలా తారీకూ మనవేనక్కా. ఏడాదొక్కటే ఏరు."

అంటే వచ్చే శనివారం. ఆ రోజే మా మరదలు, ఎనిమిది నెలల పాప విశాఖ నుంచి విమానంలో అక్కడికి చేరతారు. తమ్ముడు ఆ కారులోనే వాళ్ళని ఎక్కించుకుని రావాలి. అప్పటికి ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. పాప నా ఒళ్ళో కూర్చుని నా కళ్ళజోడు లాగుతోంది.

మీటరు చూసి చెప్పమన్నాను. కార్డులో రాసింది దానికన్నా రెండు వందల నలభై కిలోమీటర్లు ఎక్కువ. తమ్ముడి గదికీ విమానాశ్రయానికీ నూట యాభై. వెళ్ళేటప్పుడు నూట యాభై, వచ్చేటప్పుడు తొంభై, అక్కడితో సరి. వాడికి పని నడక దూరమే, వారమంతా కారు తియ్యడు. ఆ లెక్క నాలుగుసార్లు వేశాను.

సోమవారం తమ్ముడు పక్క వీధిలోని సర్వీసు సెంటరుకి వెళ్ళి ఫోటో చూపించాడు. మేము పంపలేదన్నారు. పైగా ఆ వరస నంబరు జాబ్‌కార్డు ఇంకా రాయనే లేదట, వాళ్ళ పుస్తకం అంతవరకూ రాలేదట. కారు మరోసారి చూశారు. ఏమీ లేదన్నారు, కడిగి ఇచ్చారు.

"ఆ కారులో పాపని ఎక్కించొద్దురా," అన్నాను.

"సీలు లేందే కాయితం ముట్టవు. నువ్వూ ఇలాటివి నమ్ముతావేటక్కా?"

"నమ్మట్లేదురా. బయమేత్తంది."

సరేలే అని టాక్సీలో తెస్తానన్నాడు.

మరదలికి ఏమీ చెప్పలేదు. గురువారం ఆమె సామాన్లు సర్దుకుంటూ, "వదినా, పాలసీసా పైన ఎట్టీనా, బేగు లోపలెట్టీనా?" అని అడిగింది. కార్డులో రాసిన పాలసీసా గుర్తొచ్చింది. ఆమె అటు తిరగగానే సీసా తీసి బియ్యం డబ్బా వెనక దాచేశాను. సీసా కనబడటం లేదు, ఉగ్గుగిన్నె తీసుకెళ్ళమని చెప్పాను. దారంతా పాప ఏడ్చిందట. ఆ పాపం నాదే.

శనివారం పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని వీధి గుమ్మంలోనే కూర్చున్నాను. చివరికి తమ్ముడి ఫోన్ వచ్చింది.

"వచ్చేసేం అక్కా. పాప పడుకుంది."

వంటింట్లోకి వెళ్ళి భోరున ఏడ్చాను.

తర్వాతి వారం తమ్ముడు ఆ కారుని అదే డీలరుకి ఇచ్చేసి వేరేది తీసుకున్నాడు. పాత కారుని ఆ రోజే తుడిచి అమ్మకానికి ముందు వరసలో పెట్టారట. కొనేవాళ్ళకి చెప్పమని డీలరుతో అనవా అని వాణ్ణి అడిగాను.

"ఏటని సెప్పమంటావక్కా? చక్రం బాగుందని ఆళ్ళే కాయితం ఇచ్చేరు. ఇంకా రాయని కాయితం సూపించి సెప్తే ఎవుడింటాడు?"

మాకు గండం తప్పింది కదా అని ఊరుకున్నాను. అలా పదకొండు రోజులు ఊరుకున్నాను. పన్నెండో రోజు ఆఫీసులో ఉండగా ఆగలేక డీలరుకే ఫోన్ చేశాను. ఇంగ్లీషు వచ్చిన ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. తెల్లకారు మొన్ననే అమ్ముడైపోయిందని, మంచి కుటుంబం కొనుక్కుందని చెప్పింది. వాళ్ళకి దండలేసి కారు పక్కన నిలబెట్టి ఫోటో తీశారట. పంపమంటారా మేడమ్ అని అడిగింది.

ఆ జాబ్‌కార్డు ఎవరు రాశారో, నా ఫోన్‌కి ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. దాని ప్రింటు నా దగ్గరే ఉంది, ఎవరడిగినా చూపిస్తాను. కానీ ఆ రోజు ఆ అమ్మాయికి మాత్రం ఫోటో వద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. అందులో చంటిపిల్ల ఉందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.